ఇరవై తొమ్మిది మార్కుల ఇంగ్లీషు

"ఇయర్ అంటే చెవి. యియర్ అంటే ఏడాది. తేడా వినండి. ఇయర్... యియర్," అంది కుసుమకుమారి. ఆ సాయంత్రం ఆమె ఆ రెండు మాటలూ పలకడం పదకొండోసారి.

"యియర్... యియర్," అన్నారు ఈరన్న మాస్టారు, ఏ సందేహమూ లేకుండా.

"రెండూ ఒక్కలాగే అన్నారు సార్."

"రెండూ ఒకటే ఉన్నాయి కద్రీ మేడమ్. మీరు ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా అంటున్నారు, అంతే."

వెనక బెంచీ నుంచి లక్ష్మీతిరుపతమ్మ గొంతు లేచింది. "అమ్మాయ్, చెవికీ ఏడాదికీ ఒకటే మాటేవిటి? అంత రాజ్యం ఏలినోళ్ళకి మాటలకి కరువొచ్చిందా?"

తరగతంతా గొల్లుమంది. కుసుమకుమారి చాక్‌పీసు బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, లోపల పది దాకా లెక్కపెట్టుకోబోయింది. ఆరు దగ్గరే ఎవరో కన్నడలో అడిగారు: "మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?"

రాయచూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా నడిచే ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు అది. 'భాషాశాస్త్ర పరిచయం, ఇంగ్లీషు భాషా నైపుణ్యాలు' అని పేరు ఘనంగానే పెట్టారు. ఎవరైనా చేరవచ్చని ప్రకటనలో వేశారు. నిజంగానే ఎవరెవరో చేరారు. అదే కుసుమకుమారి ప్రాణం మీదకి వచ్చింది.

ఈరన్న మాస్టారు యరగేర దగ్గర సర్కారీ బడిలో ముప్ఫై ఏళ్ళుగా కన్నడంలో పాఠాలు చెప్పుకుంటున్న మనిషి. ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు చెప్పాలని ఆర్డరు రాగానే, "నా నోరే తిరగదు, పిల్లల నోళ్ళు నేనెక్కడ తిప్పేది" అని బెంబేలెత్తి ఇక్కడ చేరారు. లక్ష్మీతిరుపతమ్మది మాన్వి అవతల, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు కాలవ కింద వరి పండించే ఆంధ్రా క్యాంపు. మనవడి చదువు కోసం రాయచూరులో ఇల్లు తీసుకుంది. బళ్ళో మీటింగుకు వెళితే క్లాసు టీచరు పది నిమిషాలపాటు ఇంగ్లీషులో మాట్లాడిందట. మనవణ్ణి మెచ్చుకుంటోందనుకుని ఈవిడ నవ్వుతూ తల ఊపింది. తిట్టిందని ఇంటికొచ్చాక మనవడే చెప్పాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి కోర్సులో పేరు రాయించుకుంది. ఆవిడకి ఏబీసీడీలు పెద్దవి వచ్చు, చిన్నవి రావు. ఆవిడ ముందు బెంచీలో కూర్చునే సహన కాన్వెంటులో చదివిన పిల్ల. ఏ పని ఇచ్చినా అయిదు నిమిషాల్లో ముగించి, మిగతా గంటా ఫోను చూసుకుంటూ నిట్టూరుస్తుంది. వీళ్ళ మధ్య మరో పంతొమ్మిది మంది.

ఇంగ్లీషులో చెబితే అందరూ తల ఊపేవారు, ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. కన్నడలో చెబితే, "అమ్మాయ్, ఆ ముక్కేదో తెలుగులో అనవా" అని తిరుపతమ్మ. తెలుగులో చెబితే యరగేర, గిల్లేసూగూరు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. చివరికి ప్రతి వాక్యమూ మూడు భాషల్లో మూడుసార్లు చెప్పడం అలవాటైంది. గంటన్నర క్లాసులో అరగంట పాఠం జరిగేది. ఇంటికి చేరేసరికి గొంతు బొంగురుపోయి, భర్తతో సైగలతో మాట్లాడేది.

ఇంత విసుగులోనూ ఆమె ఆ కోర్సు వదల్లేదు. దానికి కారణం ఉంది. కుసుమకుమారి కూడా క్యాంపులో పుట్టి పెరిగిన మనిషే. తాతగారు కృష్ణా జిల్లా నుంచి కాలవ నీళ్ళ వెంట వచ్చి ఇక్కడ పొలం చేశారు. ఆమె హైదరాబాదు వెళ్ళి భాషాశాస్త్రంలో ఎంఏ చేసింది. చదివింది భాషాశాస్త్రం, పన్నెండేళ్ళుగా చెబుతున్నది మాత్రం బీకాం పిల్లలకి 'సెలవు కోరుతూ ప్రిన్సిపాలుకు లేఖ'. ఈ సాయంత్రం కోర్సులోనైనా తాను చదివినది చెప్పవచ్చునని ప్రిన్సిపాలుని బతిమాలి, మొదటి యూనిట్‌గా భాషాశాస్త్ర పరిచయాన్ని పెట్టించుకుంది. 'ఏ భాషా గొప్పది కాదు, ఏ భాషా తక్కువది కాదు, ఏ యాసా తప్పు కాదు' అన్నది అందులో మొదటి పాఠం. ఆ పాఠం చెప్పిన రోజున ఆమె గొంతులో విసుగు మచ్చుకైనా లేదు.

రెండో యూనిట్ ఉచ్చారణ. అక్కడే ఇయర్లూ యియర్లూ మొదలయ్యాయి.

నాలుగో నెలలో ప్రిన్సిపాల్ మహాంతేశ్ గారు ఆమెని తన గదికి పిలిపించారు. ఆయన కెమిస్ట్రీ మనిషి. ఎప్పుడూ కన్నడలోనే, నెమ్మదిగా, ఎదుటివాళ్ళకి కోపం తెప్పించేంత నెమ్మదిగా మాట్లాడతారు.

"మేడమ్, లాంగ్వేజ్ ల్యాబ్ వచ్చింది. పదిహేను కంప్యూటర్లు, పదిహేను హెడ్‌ఫోన్లు. పిల్లలు చదివితే కంప్యూటరే విని నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. మీకు శ్రమ లేదు."

"నా క్లాసులో ఉన్నది పిల్లలు కారు సార్."

"ఎవరైనా సరే. మూడు వారాల్లో తనిఖీ టీమ్ వస్తోంది. సగటు అరవై దాటినట్టు గ్రాఫ్ చూపించాలి. చివరి సర్టిఫికెట్ కూడా ఈ మార్కులతోనే. నలభై వస్తే పాస్."

"మధ్యలో రూలు మారిస్తే ఎలా సార్?"

"స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్రి," అన్నారాయన, కాస్త సర్దుకోండి అని. ఆ మాట తర్వాత ఆ గదిలో ఇక ఏ మాటకీ చోటుండదని పన్నెండేళ్ళలో ఆమెకి తెలిసిపోయింది.

మొదటి రోజు ల్యాబు జాతరలా ఉంది. తెర మీద వచ్చిన వాక్యం చదవాలి. చదివాక ఒక ఆడగొంతు 'ప్లీజ్ ట్రై ఎగైన్' అంటుంది. లక్ష్మీతిరుపతమ్మ ఆ గొంతుకి మర్యాదగా, "చదివానమ్మా, నువ్వే సరిగ్గా విన్లేదు" అని జవాబు చెప్పింది. యంత్రం ఆ తెలుగునీ ఇంగ్లీషుగానే విని పదకొండు మార్కులు వేసింది. ఈరన్న మాస్టారికి ముప్ఫై నాలుగు. సహన కార్టూన్లలో బొమ్మలు మాట్లాడినట్టు ముక్కుతో మాట్లాడి ఎనభై ఎనిమిది తెచ్చుకుంది. దేవికకి ఇరవై తొమ్మిది వచ్చాయి.

దేవిక సంగతి ఇక్కడ చెప్పాలి. ఇరవై మూడేళ్ళ పిల్ల. తరతరాలుగా రాయచూరు పాతూళ్ళో ఉంటున్న తెలుగువాళ్ళు. తండ్రి రంగయ్య పాత బజారులో బట్టలు కుడతాడు. దేవిక పగలు ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో రిసెప్షన్ దగ్గర పనిచేసి, సాయంత్రం చెమటతోనే పరిగెత్తుకొచ్చి క్లాసులో కూర్చునేది. ప్రశ్నలు అడిగేది కాదు. అన్నీ రాసుకునేది.

ల్యాబు మొదలైన వారంలోనే కుసుమకుమారి ఇంటి దగ్గర రాసుకు రమ్మని ఒక పని ఇచ్చింది. మీ మాతృభాషలో అయిదు మాటలు తీసుకుని ఒక్కోదాన్నీ అర్థమున్న చిన్న ముక్కలుగా విడగొట్టండి అని. ఆ కాగితాలు దిద్దిన రోజున ఆమెకి జ్వరం. మధ్యాహ్నం ప్రిన్సిపాలుతో గ్రాఫు గురించి ఒక గొడవ అయింది. ఇంట్లో గ్యాసు అయిపోయింది. ఎర్ర పెన్ను పట్టుకుని, ఇరవై రెండు కాగితాలూ ఒక్క ఊపులో దిద్ది పడేసింది.

మర్నాడు కాగితాలు పంచాక దేవిక లేచి నిలబడింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల అలా లేవడం అదే మొదలు.

"మేడమ్, ఒకటడగొచ్చా?"

"త్వరగా అడుగు. ల్యాబ్ టైమవుతోంది."

"నేను 'ఇంట్ల' అని రాసిన. ఇల్లు ఒక ముక్క, 'ల' ఒక ముక్క అని విడగొట్టిన. మీరు దాని సుట్టూ ఎర్రగ గీసి 'ఇంట్లో' అని రాసిన్రు. సగం మార్కు కోసిన్రు."

కుసుమకుమారి ఆ కాగితం అందుకుని చూసింది. చేతిరాత తనదే.

"మొదటి యూనిట్ల ఏ యాసా తప్పు గాదని మీరే చెప్పిన్రు. నేను ఇంటికి పోయి మా నాయినకి గూడ చెప్పిన. గిప్పుడేమో మా ఇంగ్లీషు తప్పంటున్రు, పోనియ్. మా ఇంట్ల మాట్లాడే తెలుగు గూడ తప్పంటే ఏంది మేడమ్? పరీక్షల ఏది రాయాలె? మీరు చెప్పిందా, మీరు దిద్దిందా?"

ఫోను చూసుకుంటున్న సహన కూడా తల ఎత్తింది.

ఆ క్షణంలో 'పొరపాటైంది' అన్న ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కుసుమకుమారికి జ్వరం ఇంకా తగ్గలేదు. ఇరవై రెండు మంది చూస్తున్నారు. తాను చెప్పిన పాఠంతో తననే పట్టుకున్న పిల్ల ఎదురుగా నిలబడి ఉంది.

"పరీక్షలో రాతభాషే రాయాలి. ఆ మాత్రం తెలియకపోతే ఎలా? కూర్చో," అంది.

దేవిక కూర్చుంది. మర్నాడు రాలేదు. ఆ పై రోజు కూడా రాలేదు.

తనిఖీకి పది రోజులుంది. కుసుమకుమారికి తన పాత రోజులే గుర్తొచ్చాయి. డిగ్రీ చదివే రోజుల్లో ఆమె రాయచూరు హాస్టల్లో చేరినప్పుడు ఊరి పిల్లలు ఆమెని "ఏవండీ, ఏవిటండీ" అని వెక్కిరించేవారు. క్యాంపోళ్ళ తెలుగు అని ముద్ర వేశారు. ఆ కసితోనే ఆమె భాషాశాస్త్రం వైపు వెళ్ళింది. ఏ తెలుగూ తక్కువ కాదని పుస్తకాల్లో చదివినప్పుడు, ఎవరో తన తరఫున సాక్ష్యం చెప్పినట్టు అనిపించింది. ఇప్పుడు అదే ఊరి పిల్ల తెలుగుకి తానే ఎర్ర గీత గీసింది. దేవిక మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. తన మీదే వచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి పాత బజారుకి వెళ్ళింది. రంగయ్య దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని ఆయన మిషను ముందు కూర్చుని ఉన్నాడు.

"దేవిక ఇంట్లో ఉందాండీ? నేను వాళ్ళ ఇంగ్లీషు టీచర్ని."

రంగయ్య లేచి, స్టూలు మీద గుడ్డపీలికలు దులిపి, కూర్చోమని చూపించాడు. "ఇంట్ల లేదమ్మా, దవాఖానల ఉంది. ఏమన్న తక్లీఫ్ అయిందా?"

"నాలుగు రోజులుగా క్లాసుకి రావట్లేదు."

"గట్లనా? నాకు చెప్పలే. మంచిగ పోతుండె. ఏ భాషా తక్కువ గాదంట నాయినా అని వచ్చి చెప్పింది ఒకదినం. మంచి మాట చెప్పిన్రు అమ్మా మీరు. నేను దుకాణానికొచ్చినోళ్ళందరికీ చెప్పిన."

కుసుమకుమారి ఆ స్టూలు మీద అయిదు నిమిషాలు కూడా కూర్చోలేకపోయింది. చాయ్ తెప్పిస్తానంటున్నా వినకుండా లేచింది.

ఆస్పత్రి రెండు వీధుల అవతలే ఉంది. చిన్నదే. ముందు హాల్లో జనం. దేవిక బల్ల వెనక నిలబడి ఒకాయనతో ఉర్దూలో, పక్కనే ఇంకొకావిడతో కన్నడలో, ఫోనులో ఎవరితోనో తెలుగులో మాట్లాడుతోంది. టీచరుని చూసి ఒక్క క్షణం ఆగి, బెంచీ చూపించి, మళ్ళీ పనిలో పడింది.

అంతలో లోపలి గది తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. కేరళ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయట. ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. "దేవికా, ప్లీజ్," అని పిలిచింది. గది తలుపు పూర్తిగా మూసుకోలేదు. బెంచీ మీద కూర్చున్న కుసుమకుమారికి లోపలి మనుషులు కనబడుతున్నారు, మాటలూ వినబడుతున్నాయి.

చంద్రబండ నుంచి వచ్చిన నింగవ్వ అనే ముసలమ్మ. పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. ఏమైందని దేవిక కన్నడలో అడిగితే ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏనూ ఇల్ల తంగీ, ఆరామ్ అదీని" అంది. ఏమీ లేదమ్మా, బాగానే ఉన్నాను అని. కొడుకు విసుగ్గా, "అదే డాక్టర్, ఊరికే నీరసమంటుంది, ఒక బాటిల్ ఎక్కించి పంపండి" అన్నాడు.

దేవిక వెంటనే డాక్టరుకి ఏమీ చెప్పలేదు. ముసలమ్మ మొహం చూసింది, కొడుకు వైపు చూసింది. తర్వాత ఇంగ్లీషులో అంది: "డాక్టర్ మేడమ్, షీ ఈజ్ టెల్లింగ్ నథింగ్. బట్ దట్ నథింగ్ ఈజ్ నాట్ నథింగ్. సన్ ఈజ్ స్టాండింగ్, నో? దట్ ఈజ్ వై. యూ సెండ్ సన్ ఔట్‌సైడ్, దెన్ షీ విల్ టెల్."

డాక్టరమ్మ ఒక్క క్షణం దేవిక వైపు చూసి, కొడుకుని బయటికి పంపింది. ఈసారి తలుపు గట్టిగా మూసుకుంది.

పావుగంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి నర్సుని పిలిచి, ముసలమ్మని ఈ రోజే చేర్చుకోవాలని, ఏవేవో పరీక్షలు ఇవాళే చేయాలని చెప్పింది. ఆమె గొంతులో కంగారు ఉంది. పోతూ పోతూ దేవిక భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పకపోతే ఆ బాటిలే ఎక్కించి పంపేసేదాన్ని" అంది ఇంగ్లీషులో.

ఎదుటివాళ్ళు అన్న మాటకీ, అనదలచుకున్న అర్థానికీ మధ్య ఉండే దూరాన్ని చదివే శాస్త్రం ఒకటుంది. కుసుమకుమారి దాన్ని రెండు సెమిస్టర్లు చదివింది. ఈ కోర్సులోనూ ఒక నిర్వచనం చెప్పి రాయించింది, అయిదు మార్కుల ప్రశ్నగా. ఇరవై తొమ్మిది మార్కుల పిల్ల దాన్ని ఇక్కడ రోజంతా చేస్తోంది.

దేవిక కాస్త తీరిక చేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏంది మేడమ్, గింత దూరం వచ్చిన్రు?"

"తప్పు నాది దేవికా. నీ కాగితం మీద గీత గీయడం తప్పు. గీసిన తర్వాత ఒప్పుకోకపోవడం ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు."

దేవిక నవ్వలేదు, కరిగిపోనూ లేదు. "మాఫీ గీఫీ ఎందుకు మేడమ్. నాకు సర్టిఫికెట్ గావాలె. పెద్ద దవాఖాన కడుతున్రు, ఆడ సర్టిఫికెట్ ఉంటెనే పక్కా నౌకరీ ఇస్తమన్నరు. ఆ మిషన్ నాకు ఇరవై తొమ్మిది ఏసింది. మల్లొకసారి చదివితే ఇరవై ఏడు. గట్లయితే వచ్చి ఏం ఫాయిదా అని ఊకున్న."

"రేపు రా. మిగతాది నేను చూసుకుంటాను."

"ఎట్ల చూసుకుంటరు?"

ఎలాగో కుసుమకుమారికి కూడా తెలియదు. "ముందు నువ్వు రా," అంది చిరాగ్గా. ఆ చిరాకు చూసి దేవికకి నమ్మకం కలిగినట్టుంది. మర్నాడు వచ్చింది.

కుసుమకుమారి క్లాసులో అందరి ముందూ ఆ సగం మార్కు తిరిగి కలిపి, ఎందుకు కలుపుతోందో మూడు భాషల్లో చెప్పింది. తర్వాత తనిఖీ రోజు కోసం ఒక ప్రదర్శన తయారుచేయించింది. లక్ష్మీతిరుపతమ్మ తెలుగులో నారు ఎలా పోస్తారో చెబుతుంది. ఈరన్న మాస్టారు కన్నడలో సందేహాలు అడుగుతారు. దేవిక రెండింటినీ ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంది, సహన దాన్ని బోర్డు మీద రాస్తుంది. మూడు రోజులు సాధన చేశారు. తిరుపతమ్మ పట్టుచీర కట్టుకొచ్చింది.

టీమ్‌లో ముగ్గురొచ్చారు. గదిలో ఏడు నిమిషాలున్నారు. తిరుపతమ్మ విత్తనాలు నానబెట్టడం దాకా వచ్చేసరికి వాళ్ళలో పెద్దాయన వాచీ చూసుకున్నాడు. రెండో ఆయన, "ల్యాబ్‌లో ఏసీ లేదా?" అని అడిగాడు. మూడో ఆవిడ సహన నెత్తిన హెడ్‌ఫోన్లు పెట్టించి ఫొటో తీసుకుంది. నారు మడిలోనే ఉండిపోయింది. వాళ్ళు ప్రిన్సిపాలు గదికి భోజనానికి వెళ్ళిపోయారు.

"అదేవిటమ్మాయ్, ఊడుపు దాకా రానేలేదు, లేచిపోయారూ?" అంది తిరుపతమ్మ.

"వాళ్ళకి అన్నం దొరికిందిలెండి," అంది కుసుమకుమారి.

ల్యాబ్ అద్భుతంగా ఉందని రిపోర్టు వచ్చింది. మహాంతేశ్ గారు గేటు మీద ఫ్లెక్సీ కట్టించారు. ఆ సంబరంలోనే చివరి మార్కుల జాబితా ఆమె ముందు పెట్టి సంతకం చేయమన్నారు. యంత్రం వేసిన మార్కులు. ఇరవై రెండు మందిలో పదమూడు మంది ఫెయిల్.

"నేను సంతకం చేయను సార్. నేను విడిగా ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడి మౌఖిక పరీక్ష పెట్టాను. ఇవీ వాళ్ళ మార్కులు."

"మేడమ్, మీరు మనిషి. మీకు ఇష్టమైనవాళ్ళు ఉంటారు, కానివాళ్ళు ఉంటారు. కంప్యూటర్‌కి అలాంటిదేమీ లేదు."

"అయితే ల్యాబుకి రండి సార్. రెండు నిమిషాలు."

ఆమె మొహం చూసి ఆయన లేచి వచ్చారు. కుసుమకుమారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీద వచ్చిన వాక్యం చదివింది, ఈ క్లాసులో తాను రోజూ చెప్పేదే: ఇంగ్లీషులో వవెల్స్ ఎన్ని, కాన్సొనెంట్స్ ఎన్ని అని. యంత్రం 'ప్లీజ్ ట్రై ఎగైన్' అంది. తెర మీద 'వవెల్స్' బదులు 'టవెల్స్' అని వచ్చింది. మార్కులు యాభై ఎనిమిది. మళ్ళీ చదివింది. యాభై అయిదు.

మహాంతేశ్ గారు గొంతు సవరించుకున్నారు. "మీకు కాస్త జలుబు..."

"మీరు కూర్చోండి సార్."

ఆయన కూర్చున్నారు. మొదటి వాక్యానికి ముప్ఫై ఎనిమిది. రెండో వాక్యం చదవకుండానే హెడ్‌ఫోన్లు తీసి, వైరు శ్రద్ధగా చుట్టి, బల్ల మీద పెట్టారు.

"నలభై రాకపోతే ఫెయిలని మీరే చెప్పారు సార్," అంది కుసుమకుమారి.

"ఈ సంగతి బయటికి పోకూడదు మేడమ్."

"నా జాబితా మీద సంతకం పెట్టండి. ఎక్కడికీ పోదు."

ఆయన పెట్టారు. కానీ టీమ్‌కి చూపించిన అరవై గ్రాఫు మాత్రం అలాగే ఉండాలని, అది ఫైల్లో వెళ్ళిపోయింది కాబట్టి దాన్ని కదపకూడదని, వచ్చే బ్యాచ్‌కి అరవై మందిని తీసుకోవాలని కూడా అదే ఊపులో చెప్పారు. అరవై మందా అని అడిగే ఓపిక ఆమెకి మిగల్లేదు.

దేవికకి కుసుమకుమారి పెట్టిన మౌఖిక పరీక్షలో డెబ్బై రెండు వచ్చాయి. వ్యాకరణంలో కోసింది, నిజంగానే కోయాల్సినచోట. దేవిక ఆ కోతలన్నీ ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకుని, రెండింటి మీద వాదించి, ఒక మార్కు కలిపించుకుంది. సర్టిఫికెట్ తీసుకుని పెద్ద ఆస్పత్రిలో దరఖాస్తు ఇచ్చింది. నెల తిరిగేలోగా చేరమని కబురొచ్చింది. నింగవ్వకి ఆపరేషన్ అయి ఊరికి వెళ్ళిందని కూడా ఫోనులో ఆ పిల్లే చెప్పింది.

అదంతా తర్వాతి సంగతి. కోర్సు చివరి సాయంత్రం కుసుమకుమారి గదిలోకి వచ్చేసరికి లోపల పెద్ద రగడగా ఉంది. లక్ష్మీతిరుపతమ్మ ఫ్యాను స్విచ్ దగ్గర నిలబడి ఉంది. ఈరన్న మాస్టారు మెడకి మఫ్లరు చుట్టుకుని ఆవిడకి ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆయనకి ఆవిడ తెలుగు సగమే అర్థమవుతుంది. ఆవిడకి ఆయన కన్నడ అంతకన్నా తక్కువ. అందుకని ఇద్దరూ, బహుశా తమకే తెలియకుండా, ఇంగ్లీషులో దెబ్బలాడుకుంటున్నారు.

"ఐ యామ్ కోల్డ్ పర్సన్! ఫ్యాన్ నో!" అన్నారు మాస్టారు.

"యూ కోల్డ్, యూ గో సన్‌లో కూర్చో! ఐ యామ్ ఫుల్ హాట్! యెస్టర్‌డే ఆల్సో యూ ఆఫ్ చేసెడ్!"

"హూ చేసెడ్? ఐ నాట్ చేసెడ్! సహన చేసెడ్!"

సహన పడీపడీ నవ్వుతోంది. కుసుమకుమారి గుమ్మంలోనే నిలబడి, వాళ్ళ మాటకి అడ్డు పడకూడదని గట్టిగా నిర్ణయించుకుంది. ఆరు నెలల్లో మొదటిసారి వాళ్ళు పుస్తకం చూడకుండా, భయం లేకుండా, ఎవరూ అడక్కుండా మాట్లాడుతున్నారు. పెదవులు బిగపట్టుకుంది. మాస్టారు నాలుగోసారి 'చేసెడ్' అన్నారు. అయిదోసారి కూడా అన్నారు.

"స్విచ్డ్ ఆఫ్!" అని అరిచింది కుసుమకుమారి. "స్విచ్డ్ ఆఫ్ అనాలి మాస్టారూ, చేసెడ్ కాదు!"

ఇద్దరూ గొడవ ఆపి ఆమె వైపు తిరిగారు. లక్ష్మీతిరుపతమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఉండమ్మాయ్," అంది. "నీ పాఠం తర్వాత. ముందు ఈ ఫ్యాను సంగతి తేలనీ."